బోడికొండ దిగుడులో జర్మనీ బ్రేకులు

స్పేర్ పార్టుల షాపు రంగన్న కౌంటరు మీద మూడు డబ్బాలు వరసగా పెట్టి, "ఏది కావాలప్పా?" అని అడిగాడు.

తిప్పేష్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఇన్నేళ్ల డ్రైవరు పనిలో అతనికి తెలిసిన బ్రేకులు రెండే రకాలు. పట్టేవి, పట్టనివి. పట్టనివి కావాలని అడిగి మరీ కొనుక్కుపోయే మనిషి అనంతపురం జిల్లాలో ఉంటాడని అతను అనుకోలేదు.

"పట్టేవి ఇయ్యన్నా."

"అన్నీ పట్టేవే. ఇవి సెరామిక్ ప్యాడ్లు. ఇవి ఇనుము కలిపినవి. ఇవేమో ఆర్గానిక్."

తిప్పేష్ తల గోక్కున్నాడు. సెరామిక్ అంటే బాత్రూము గోడకు అంటించే పలకలు. ఆర్గానిక్ అంటే వ్యవసాయం సారు జీపులో వచ్చి చెప్పిపోయే పేడ ఎరువు. జర్మనీవాళ్లు అంత ఖరీదు పెట్టి కారు చేసి, కడకు దాన్ని ఆపడానికి పలకలూ పేడా వాడుతున్నారా?

"జర్మనీలో ఏమేస్తారన్నా దీనికి?"

"జర్మనీకి పోయొచ్చినట్ల అడుగుతావే నన్ను? నేను పోయింది బళ్లారి దాకా. నీ బండికి ఏమైతాందో అది చెప్పు."

అది చెప్పడమే కష్టం. చదునైన రోడ్డు మీద ఆ కారు బ్రేకులకు వంక పెట్టడానికి లేదు. అనంతపురం గడియారం స్తంభం దగ్గర తొక్కితే వెనక సీట్లో కూచున్న మనిషి ముందుకొచ్చి డ్రైవరుకు దండం పెట్టేవాడు. కంబదూరు ముందర బోడికొండ దిగుడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి ఏదో పూనేది. మొదటిసారి తొక్కితే మెత్తగా దిగుతుంది. రెండోసారి కొంచెం బిగుస్తుంది. ఆ తర్వాత పెడలు కాదు, బండరాయి. స్టీరింగు కూడా రాయలవారి కాలం నాటి తిరగలిలా తయారవుతుంది. పోయిన ఆదివారం అట్లాగే పోయి పోయి, రోడ్డు వారన ఎవరో పోసుకున్న శనక్కాయల పొట్టు కుప్పలో ఒక పక్క దూరి ఇంకో పక్క తేలింది. కారుకు ఏమీ కాలేదు. యజమాని బయ్యన్న మాత్రం బుధవారం దాకా తుమ్మినప్పుడల్లా పొట్టు రాలుస్తూనే ఉన్నాడు.

బయ్యన్నకు కంబదూరు పక్కన కంటికి ఆనినంత చేను ఉంది. అందులో కంటికి కానరానిది నీళ్లే. రెండువేల ఒకటి ఎండాకాలంలో ఆయనకు జడ్పీటీసీగా నిలబడాలని బుద్ధి పుట్టింది. జీపులో తిరిగేవాడికి పార్టీలో టికెట్టు రాదని, పెద్దాయనను కారులో తిప్పేవాడికి వస్తుందని ఎవరో చెప్పారు. అంతే, బెంగుళూరులో ఒక నగల షాపు సేటు వాడి వదిలేసిన జర్మనీ కారును కొనుక్కొచ్చాడు. డీజిలు బండి, నల్లగా, ఊళ్లో రైస్ మిల్లంత పొడవు. వచ్చే శుక్రవారం పార్టీ పెద్దాయన కళ్యాణదుర్గం వస్తాడు. అక్కడినుంచి కంబదూరు మీటింగుకు ఈ కారులోనే రావాలి. దారిలో బోడికొండ దిగాలి.

"శుక్రవారానికి బ్రేకు నిలబడల్ల," అన్నాడు బయ్యన్న, మీసంలోంచి పొట్టు తీసుకుంటూ. "పెద్దాయన్ను పొట్టుకుప్పలో పెట్టినామంటే నా టికెట్టు పోతాది. నా టికెట్టు కంటే ముందు నీ సీటు పోతాది. బెంగుళూరు డ్రైవరుతో మాట్లాడిపెట్టినా, ఊఁ అంటే సోమవారం దిగుతాడు."

తిప్పేష్‌కు రెండెకరాల మెట్ట ఉంది. దాని మీద వాన పడిన సంగతి వాళ్ల నాయన చెప్పగా విన్నాడు. ఇల్లు గడిచేది ఆ డ్రైవరు సీటు మీదే. అదే అతని మాగాణి. దాని మీద బెంగుళూరువాడు కూచోవడమంటే, పండే పొలాన్ని పిలిచి అప్పగించినట్టే.

అందుకే ఆ రోజు రంగన్న షాపులో అతను చేతనైన పరీక్షలన్నీ చేశాడు. గింజ నిండిందో లేదో చూడటానికి శనక్కాయను ఊపినట్టు ఒక్కో డబ్బానూ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. వాసన చూశాడు. నాలిక కూడా పెట్టబోతే రంగన్న లాక్కున్నాడు.

ఎటూ తేలక, పక్కనున్న ఎస్‌టీడీ బూతులోంచి బయ్యన్నకు ఫోను చేశాడు.

"యాది బరువుండాది?" అని అడిగాడు బయ్యన్న.

"ఇనుముదన్నా."

"అదే తీసుకో. మళ్లీ అడిగేదేముందిరా దాంట్లో?"

మెకానిక్కు బాబావలి చక్రాలు విప్పి, పాత ప్యాడ్లు తీసి, చక్రం వెనకుండే ఇనప బిళ్లను రెండు వైపులా కరిచి పట్టుకునేట్టు కొత్తవి బిగించాడు. తనే నడిపి చూశాడు. వీధి చివర తొక్కిన బ్రేకుకు రోడ్డు మీది కుక్కలు కూడా నిలబడిపోయాయి.

"పోప్పా, పండగ చేస్కో," అన్నాడు.

తిప్పేష్ సంబరంగా బయల్దేరాడు. కళ్యాణదుర్గంలో బయ్యన్న ఎక్కి పక్కన కూచున్నాడు. బోడికొండ నెత్తికి చేరగానే ఎప్పటిలాగే "ఊఁ, దిగుడొచ్చె," అన్నాడు. ఎప్పటిలాగే తిప్పేష్ కీ తిప్పి ఇంజను ఆపేశాడు.

ఇందులో వింతేమీ లేదు. దిగుడు వస్తే ఇంజను ఆపడం ఆ సీమలో డ్రైవరుకు ఊపిరి తీసుకోవడంతో సమానం. లోకంలో ఏదైనా ఊరికే వచ్చేదుంటే అది దిగుడే. వాన రాదు, బోరులో నీళ్లు రావు, దిగుడు మాత్రం దేవుడిచ్చింది. దాని మీద కూడా డీజిలు మండించేవాణ్ణి కళ్లు నెత్తికెక్కినవాడంటారు. బయ్యన్న జీపును అట్లా ఆపి ఆపి, కొండ మీంచి మొదలైన బండిని తమ ఇంటి గేటు ముందు ఇంజను ఊసు లేకుండా నిలబెట్టిన ఘనత తిప్పేష్‌ది. జీపు ఎప్పుడూ మాట వినకుండా పోలేదు.

జర్మనీ కారు ఆగిన ఇంజనుతో నిశ్శబ్దంగా జారింది. మొదటి తొక్కుడు మెత్తన. రెండోది గట్టి. మూడోది బండ. బయ్యన్న తన ముందు లేని బ్రేకును తొక్కి తొక్కి కాళ్లకింది కార్పెట్టుకు చిల్లి పెట్టాడు. కారు దిగుడంతా దిగి, ఎదురొచ్చిన ఎత్తు సగం ఎక్కి, తనకే ఆయాసం వచ్చి నిలబడింది.

"ఇనుము పనికిరాదు," అన్నాడు బయ్యన్న, చిల్లిలోంచి కాలు లాక్కుని.

మరుసటి రోజు సెరామిక్ వేయించారు. అదీ అంతే. ఈసారి గొర్రెల మందలోంచి దూరి వచ్చింది. ఒక్క గొర్రెకూ తగల్లేదు గానీ, కాపరి మాత్రం కారు పోయినంత దూరం దాన్ని పూర్వీకులతో సహా తిట్టాడు.

తిప్పేష్ మళ్లీ బాబావలి ముందు నిలబడ్డాడు.

"ఈడ నిలబడ్తాంది. ఆడ నిలబడదు. ఎందుకన్నా?"

"ఈడ నిలబడిందా లేదా?"

"నిలబడింది."

"అయితే పోయి ఆ కొండను రిపేరు చేయించు. నేను చక్రాలకు చేస్తా గానీ కొండలకు చేయనప్పా." బాబావలి చేతులు తుడుచుకుంటూ, "దిగేటప్పుడు ఏమైనా తప్పుగా చేస్తాండావా?" అని కూడా అడిగాడు.

"లేదన్నా, మామూలుగానే దిగుతాండా."

అతను అబద్ధం చెప్పలేదు. ఇంజను ఆపడం చెప్పాల్సిన విషయమని తోచలేదు. దిగేటప్పుడు కళ్లు తెరుచుకున్నానని కూడా చెప్పలేదు కదా.

ఇక మిగిలింది ఆర్గానిక్. కానీ బయ్యన్నకు మనసు విరిగిపోయింది. మూడు రకాల డబ్బాలనూ ఇంటి కళ్లంలో పెట్టించి, బోరు పాయింట్లు చూసే ఈరన్నను పిలిపించాడు. ఈరన్న అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేలో నడిస్తే, నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుంది. బయ్యన్న చేలో ఆయన చూపించిన పాయింట్లలో నీళ్లు తప్ప అన్నీ పడ్డాయి. రాళ్లు, దుమ్ము, ఒకచోట వేడిగాలి. అయినా ఈరన్న మీద నమ్మకం పోలేదు. టెంకాయ తప్పు చెప్పదు, నీళ్లే మాట తప్పుతాయి.

ఊరు ఊరంతా చుట్టూ నిలబడింది. ఈరన్న చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, డబ్బాల పక్కనే నడిచాడు. ఇనుము దగ్గర టెంకాయ కదల్లేదు. సెరామిక్ దగ్గర కొంచెం ఒళ్లు విరుచుకుంది. ఆర్గానిక్ దగ్గర లేచి నిలబడింది.

"దీంట్లో తడి ఉండాది," అన్నాడు ఈరన్న.

"బ్రేకుకు తడి మంచిదా ఈరన్నా?" అని అడిగాడు తిప్పేష్.

"ఏమి మాటప్పా అది? ఈ సీమలో తడి యాడుంటే మాత్రం చెడ్డది?"

ఆర్గానిక్ బిగించారు. అప్పుడే పెద్దాయన మనిషి ఫోను చేసి, సారుకు ఏసీ లేకపోతే కళ్లు తిరుగుతాయని చెప్పాడు. బయ్యన్న ఆ కారులో ఏసీ ఒక్కసారి కూడా వేయనివ్వలేదు, డీజిలు తాగుతుందని. ఇప్పుడు తప్పలేదు. గురువారం పొద్దున ఏసీ పనిచేస్తుందో లేదో, బ్రేకు పడుతుందో లేదో ఒకే దెబ్బకు చూద్దామని ఇద్దరూ బోడికొండకు పోయారు.

"కీ ఆపొద్దురా ఈసారి. ఆపితే ఏసీ కూడా ఆగిపోతాది," అన్నాడు బయ్యన్న.

కారు దిగుడులోకి దిగింది. తిప్పేష్ తొక్కాడు. మెత్తన. మళ్లీ తొక్కాడు. మెత్తన. సగం దిగుడులో గట్టిగా తొక్కితే, పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు నిలబడింది.

"టెంకాయరా!" అని కేక పెట్టాడు బయ్యన్న. "ఈరన్న టెంకాయ!"

తిప్పేష్ కూడా కేక పెట్టాడు. మళ్లీ నెత్తికెక్కి, ఇంకోసారి చూద్దామనుకున్నారు. ఏసీ సంగతి తేలిపోయింది కాబట్టి బయ్యన్న దాన్ని ఆపేశాడు. దిగుడు కాబట్టి తిప్పేష్ కీ ఆపాడు. మెత్తన, గట్టి, బండ. చేతిబ్రేకు లాగితే కారు కొండకు అడ్డం తిరిగి, ఇద్దరికీ తాము దిగొచ్చిన దారి చూపించి ఆగింది.

తిప్పేష్ దిగి, చక్రాల వైపు వంగి చూశాడు.

"ప్యాడ్లు అవే కదన్నా," అన్నాడు తిప్పేష్ మెల్లగా.

"అవే."

"టెంకాయ అదే. కొండ అదే. మారింది ఏసీ ఒక్కటే."

మూడోసారి ఏసీ వేసి దిగారు. వెన్నపూసలా ఆగింది. అంతటితో ఇద్దరికీ విషయం తేటపడింది. ఈ కారుకు బ్రేకులు వేడెక్కితే రాయి అవుతాయి, ఏసీ వేస్తే చల్లబడి మెత్తబడతాయి. జర్మనీ చలి దేశం కదా, దాని ప్యాడ్లకు కంబదూరు ఎండ పడలేదు.

ఇంట్లో ఈ సంగతి వినగానే తిప్పేష్ పెళ్లాం ఈశ్వరి అన్నం కలిపే చెయ్యి ఆపింది.

"ఏమయ్యా, ఏసీ చల్లదనం వచ్చేది నీ మొగానికి. బ్రేకులుండేది చక్రాల కాడ. దానికెట్ల తగుల్తాది?"

"లోపల లోపలే పోతాది లే. జర్మనీది. నీకు తెలీదు."

"నీకు తెలుసా?"

"నాకూ తెలీదు. నిలబడ్తాంది, చాలు."

"నిలబడకుంటే సోమవారం నుంచి ఇంట్లో నువ్వే నిలబడల్ల. గుర్తుపెట్టుకో," అని అన్నం పెట్టింది.

శుక్రవారం కళ్యాణదుర్గంలో పెద్దాయన కారెక్కాడు. ముందు సీట్లోనే కూచున్నాడు. బయ్యన్న వెనక. పెద్దాయన మెడ చుట్టూ శాలువ ఉంది, ముక్కు ఎర్రగా ఉంది. కారు ఊరు దాటకముందే మూడుసార్లు తుమ్మాడు.

"ఆ ఏసీ ఆపప్పా. రాత్రినుంచి జలుబు."

తిప్పేష్ ఏసీ బటను దాకా చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అద్దంలో చూశాడు. బయ్యన్న మొగం బోరు ఎండిపోయినప్పుడు ఉండేట్టు ఉంది.

"సార్, ఏసీ ఉంటేనే మీకు బాగుంటాదని..." అన్నాడు బయ్యన్న.

"బాగలేదంటాంటే?"

"కొంచెం దూరం, సార్. కొండ దిగేదాకా."

"కొండకూ ఏసీకీ ఏమి సంబంధమప్పా?" అని పెద్దాయన తనే చెయ్యి చాపి బటను నొక్కేశాడు. కిటికీ దించాడు. వేడిగాలి ఇంట్లో మనిషిలా లోపలికొచ్చి కూచుంది. "ఆఁ. ఇప్పుడు ప్రాణం లేచొచ్చె."

లేచొచ్చిన ఆ ప్రాణం ఇంకెంతసేపు ఉంటుందో తిప్పేష్‌కు తెలుసు. బోడికొండ కనిపిస్తోంది. ఏసీ లేదు. ఏసీ లేకపోతే బ్రేకు లేదు. బ్రేకు లేకపోతే సీటు లేదు. అతనికి చెమటలు పట్టి స్టీరింగు జారిపోసాగింది. రెండు చేతులతో, బావిలో పడ్డవాడు మోకును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నెత్తి వచ్చింది. వెనకనుంచి బయ్యన్న అలవాటు కొద్దీ "ఊఁ" అనబోయి, మధ్యలో మింగేసి, దేవుణ్ణి తలుచుకున్నాడు. స్టీరింగు వదిలితే ఎక్కడ చచ్చిపోతానో అని తిప్పేష్ చెయ్యి తీయలేదు. బండి తోలడం నేర్చుకున్నప్పటినుంచి మొదటిసారి దిగుడులో కీ సంగతి మరిచిపోయాడు.

తొక్కాడు. మెత్తన.

ఇది మొదటిది కాబట్టి అనుకున్నాడు. రెండోసారి తొక్కాడు. మెత్తన. మూడోసారి తొక్కేముందు కళ్లు మూసుకున్నాడు. మెత్తన.

మలుపు తిరిగేసరికి ఎదురుగా మొన్నటి గొర్రెల మంద రోడ్డంతా నిండి ఉంది. ఆ నల్ల కారును చూసి కాపరి కర్ర పారేసి చెట్టెక్కబోయాడు. తిప్పేష్ బలంగా తొక్కాడు. కారు మొదటి గొర్రె మూతికి జానెడు దూరంలో, కుదుపు కూడా లేకుండా నిలబడింది. గొర్రె బంపరును వాసన చూసి, నచ్చక, పక్కకు పోయింది.

"బయ్యన్నా," అన్నాడు పెద్దాయన, "మంచి బండిరా నీది. మనిషి కూడా నిదానస్తుడు. కానీ ఊరికే ఎందుకట్ల తొక్కుతా వస్తాడు?"

"అలవాటు సార్," అన్నాడు బయ్యన్న. ఆయన గొంతు పెద్దాయన జలుబు కంటే అధ్వాన్నంగా ఉంది.

మీటింగులో ఏం మాట్లాడారో తిప్పేష్‌కు తెలియదు. అతను షామియానా నీడలో కారుకు ఆనుకుని లెక్కేస్తూ కూచున్నాడు. ప్యాడ్లు నిన్నటివే. కొండ నిన్నటిదే. ఏసీ లేదు, అయినా ఆగింది. నిన్న ఏసీ ఆపినప్పుడు ఆగలేదు. అప్పుడు ఏం చేశాను? చల్లగాలి ఆపాం, కీ ఆపాను. ఇవాళ చల్లగాలి ఆపాం, కీ...

అతను లేచి నిలబడ్డాడు. మళ్లీ కూచున్నాడు. ఇంజను లేకుండానే ఒళ్లంతా వేడెక్కింది.

పొద్దు వాలే వేళకు పెద్దాయనను కళ్యాణదుర్గంలో దింపి ఇద్దరే తిరిగి బయల్దేరారు. బోడికొండ నెత్తికి రాగానే, పొద్దుటి భయం తీరిన బయ్యన్న హాయిగా వెనక్కి వాలి, "ఊఁ, దిగుడొచ్చె," అన్నాడు.

తిప్పేష్ కీ ఆపలేదు. దిగుడుకు ముందే కారును రోడ్డు పక్కన నిలబెట్టాడు.

"అన్నా, నువ్వు ఈ పక్కకు వచ్చి కూచోన్నా. పెడలు మీద కాలు పెట్టు."

"నేనా? ఎందుకురా?"

"పెట్టన్నా, చెప్తా. బండి యాడికీ పోదు, చేతిబ్రేకు ఏసినా."

బయ్యన్న గొణుక్కుంటూ వచ్చి కూచున్నాడు. తిప్పేష్ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజను ఆపాడు. "తొక్కు."

"మెత్తగుండాది."

"ఇంకోసారి. ఇంకోసారి."

"గట్టిపడ్తాందిరా... ఓరి నాయనా, రాయి!"

"కాలు తీయొద్దు. అట్లే నొక్కి పట్టుకో." తిప్పేష్ కీ తిప్పాడు. ఇంజను గుర్రుమనగానే బయ్యన్న కాలు దానంతట అదే కిందికి దిగిపోయింది. ఆయన అదిరిపడి కాలు తీసి, కింద పామేమైనా ఉందా అని వంగి చూశాడు.

"ప్యాడ్లు కాదన్నా. ఏసీ కూడా కాదు. ఇంజను ఆడ్తాంటేనే ఈ బండికి బ్రేకు బలం. మనం ప్రతి దిగుడులో దాని గొంతు పిసికి, నిలబడలేదని తిట్టినాం. జీపుకు అట్లాంటి షోకులేవీ లేవు, కాబట్టి తెల్లేదు."

బయ్యన్న సీట్లోనే ఉండిపోయాడు. ముందు ఆశ్చర్యపడ్డాడు, తర్వాత మూడు డబ్బాలు గుర్తొచ్చాయి, ఆ తర్వాత పొట్టుకుప్ప. మొగం ఎర్రబడింది.

"రేయ్. దిగుడులో కీ ఆపే దరిద్రపు అలవాటు నీకెవరు నేర్పినార్రా?"

తిప్పేష్ నేల చూశాడు. నిజం చెబితే సీటు పోతుందో, చెప్పకపోతే పోతుందో అతనికి తేలలేదు.

"నువ్వే కదన్నా. జీపు తాళాలు ఇచ్చిన రోజే. ఇదే కొండ మీద. మర్చిపోతానని నెత్తిన ఒకటి మొట్టినావు కూడా."

బయ్యన్న మీసం దువ్వుకున్నాడు. కొండ వైపు చూశాడు, అది సాక్ష్యం చెప్పేట్టు కనబడింది.

"ఈ మాట ఇంకెవరికైనా తెల్సునా?"

"లేదన్నా."

"ఆ బెంగుళూరోడు వస్తే..."

"వచ్చిన రోజే అడుగుతాడన్నా. ప్యాడ్లన్నీ కొత్తవే, ఎందుకు మార్చినారని. మెకానిక్కులతో కూచుంటాడు, కాఫీ తాగుతాడు, నవ్వుతాడు. ఎలక్షన్ల ముందర."

బయ్యన్న దిగి, కారు చుట్టూ తిరిగి, తన సీట్లో కూచుని తలుపు గట్టిగా వేసుకున్నాడు.

"రేపు పొద్దున్నే ఎస్‌టీడీకి పోయి వానికి రావొద్దని చెప్పు. మా తిప్పేషు ఉండాడు, చాలని చెప్పు. ఊర్లో అడిగితే ఈరన్న టెంకాయ అని చెప్పు."

"రాయదుర్గం లారీవాళ్లు ఇద్దరు పొద్దున్నే ఈరన్న ఇంటికాడ క్యూ కట్టినారన్నా, వాళ్ల బ్రేకులు చూపించుకునేదానికి."

"కట్టనీ. నువ్వు పోనీ బండి."

తిప్పేష్ తన సీట్లో కూచుని, ఆడుతున్న ఇంజనుతో దిగుడులోకి దింపాడు. ఒళ్లంతా తేలిగ్గా ఉంది. నిదానంగా, బ్రేకు మీద బ్రేకు వేసుకుంటూ, ఆ మెత్తదనాన్ని కాలితో అనుభవిస్తూ పోతున్నాడు. పక్కన బయ్యన్న డీజిలు ముల్లునే చూస్తున్నాడు. కాసేపు ఓర్చుకున్నాడు. సగం కొండ దిగాక ఇక ఆగలేకపోయాడు.

"తొందరగా పోనీరా! దిగుడులో ఎంతసేపు మండిస్తావ్?"